పళ్ళెం చుట్టూ సంతకాలు

మొన్న శుక్రవారం పొద్దున, ఇక్కడ గల్ఫ్‌లో, అల్ హిలాల్‌లో నేను కాపలా చూసే బిల్డింగు మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే జేబులో ఫోన్ ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. తీసి చూస్తే మా జిల్లా వాళ్ళ వాట్సాప్ గ్రూపు; సంఘం అధ్యక్షుణ్ణి దింపేయాలని ఎవరో ఒకాయన రాసి, కింద ఒకటో నంబరు వేసి తన పేరు పెట్టుకున్నాడు, ఆ కింద రెండు, మూడు, నాలుగు అంటూ పేర్లు దిగుతూనే ఉన్నాయి, నేను టీ గ్లాసు కింద పెట్టేలోపు ముప్పై దాటాయి. ఓరి వీళ్ళ ధైర్యం పాడుగాను అనుకున్నాను. మన ఈడు వాళ్ళు, లేబర్ క్యాంపుల్లో కాలం వెళ్ళదీసిన వాళ్ళు ఒప్పుకుంటారు, ఒక కాగితం మీద మొదటి పేరు రాయాలంటే మనకు ఎంత గుండెదడగా ఉండేదో. నన్ను కూడా ఒకసారి ఇలాగే దింపాలని చూశారు. మా బ్లాకులో సగానికి పైగా సంతకాలు పెట్టారు, అయినా నేను దిగలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదు.

అవి వరల్డ్ కప్ పనులు ముమ్మరంగా సాగుతున్న రోజులు. లుసైల్‌లో ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు ఇసుక, ఇనుప చువ్వలు, వాటి మధ్య మేము. మా కంపెనీ క్యాంపు అన్నిటికీ దూరంగా ఉండేది, తెల్లారకముందే బస్సులు వచ్చి మమ్మల్ని ఎక్కించుకుపోయేవి. కూలీల బతుకుల గురించి బయటి దేశాలవాళ్ళు అడుగుతున్నారని కాబోలు, ఒక ఏడాది కంపెనీవాళ్ళు కార్మికుల కమిటీ పెట్టాలన్నారు. బ్లాకుకు ఒక మనిషిని మేమే ఓటేసి ఎన్నుకోవాలి, ఆ మనిషి నెలకొకసారి ఆఫీసర్ల బల్ల దగ్గర కూర్చుని మా కష్టసుఖాలు చెప్పాలి. మా బ్లాకులో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాదు వైపు వాళ్ళే. నన్ను నిలబెట్టింది మా బావ, అంటే మా అక్క మొగుడు. ఒకే రూములో కింది మంచం ఆయనది, పై మంచం నాది. పదో తరగతి చదివానని, నోరున్నవాణ్ణని చెప్పి, రూము రూముకూ తిరిగి మా బామ్మర్దికి ఓటెయ్యుండ్రి అని అడిగాడు. శుక్రవారం నాడు క్యాంపు హాల్లో మా ఫోటోలున్న కాగితాల మీద గుర్తులు పెట్టించి, అట్టపెట్టెలో వేయించి, సాయంత్రానికి నేను గెలిచానన్నారు. ఊళ్ళో వార్డు మెంబరుకు కూడా నిలబడని వాణ్ణి, ఇక్కడికొచ్చి ఎన్నికైన నాయకుణ్ణయ్యాను! అక్కకు ఫోన్ చేసి చెబితే ఒకటే నవ్వు, ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్‌ల సర్పంచ్‌వైనవా తమ్మీ? మంచిగైంది గని, మీ బావను పైలంగ చూస్కో. ఆయనకు కడుపు మంచిగుండదు. నీ దగ్గరున్నడని నాకు రంది లేదు."

ఆయన కడుపు సంగతి నాకు తెలియనిది కాదు. మసాలా పడదు, మైదా పడదు, ఆలస్యమైతే పడదు. సైటులో బావ పెద్ద పనివాడు కాదు, చువ్వలు కట్టే దగ్గర అందరికంటే వెనక ఉండేవాడు, ఫోర్‌మన్ చేత తిట్లు తినని రోజు లేదు. కానీ క్యాంపుకు వచ్చి, స్నానం చేసి, లుంగీ కట్టుకుని వంటింట్లో అడుగు పెట్టాడంటే మనిషే మారిపోయేవాడు. మా క్యాంపులో పెద్ద వంటిల్లు ఉండేది, గోడ పొడుగునా గ్యాస్ పొయ్యిలు. రూముకు ఎనిమిది మందిమి కలిసి వండుకునేవాళ్ళం. తక్కిన రూముల్లో వంతులు ఉండేవి, మా రూములో మాత్రం అన్ని వంతులూ బావవే, మేము ఉల్లిగడ్డలు కోయడానికి, గిన్నెలు తోమడానికి. ఆయన చేసిన పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం, మక్క గట్క కోసం పక్క రూములవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు. పగలంతా నలుగురి చేత మాటలు పడ్డ మనిషి, ఆ ఒక్క గంటా గరిటె పట్టుకుని అందరినీ బెదిరిస్తూ, కొసరి కొసరి వడ్డించేవాడు. అది చూస్తుంటే నాకు భలే ముచ్చటగా ఉండేది.

ఇక సంతకాల సంగతి చెప్పాలి. నేను ఎన్నికైన కొత్తలో మా బ్లాకు నీళ్ళ ట్యాంకులో పురుగులు కనపడ్డాయి. దరఖాస్తు పెడదామంటే అందరూ సరేనన్నారు గానీ మొదటి సంతకం పెట్టేవాడు లేడు. ఇంకేదో క్యాంపులో జాబితా మొదట్లో పేరున్నవాణ్ణే లీడరనుకుని విమానం ఎక్కించి ఇంటికి పంపారని చెప్పుకునేవారు. అది నిజమో అబద్ధమో గానీ భయం మాత్రం అందరికీ ఉంది. అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. సైటులో పారేసిన డ్రాయింగు కాగితం ఒకటి తెచ్చి, దాని వెనకవైపు అన్నం తినే పళ్ళెం బోర్లించి, చుట్టూ గీత గీసి, ఆ గీత వెంబడి గుండ్రంగా సంతకాలు పెట్టమన్నాను. మొదలు ఎవరో, చివర ఎవరో కనిపెట్టడం ఇక ఎవరి తరం? బావ తన పళ్ళెమే తెచ్చాడు, ఊరి నుంచి తెచ్చుకున్న పెద్ద స్టీలు పళ్ళెం, మా భాషలో తల్లె, ఒకవైపు అంచు సొట్టపడి ఉండేది. వారంలో ట్యాంకు కడిగించారు. ఆనాటి నుంచి మా బ్లాకులో ఏ దరఖాస్తయినా పళ్ళెం చుట్టూనే రాసేవారు, నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

మరుసటి ఎండాకాలం కమిటీ మీటింగులో ఆఫీసరు వంటింటి మాట తీశాడు. ఇంతమంది మధ్య గ్యాస్ సిలిండర్లు ప్రమాదం, తనిఖీవాళ్ళు ఒప్పుకోరు, వంటిల్లు మూసేసి మూడు పూటలా కంపెనీయే క్యాటరింగ్ భోజనం పెడుతుంది అన్నాడు. ముందు మూడు నెలలు చూద్దాం, మీవాళ్ళకు నచ్చకపోతే మళ్ళీ తెరుద్దాం అని కూడా అన్నాడు. అని, రెండు పేజీల ఇంగ్లీషు కాగితం నా ముందుకు జరిపాడు. చల్లటి ఏసీ గది, ప్లేట్లో బిస్కెట్లు, బల్ల మీద నా పేరు రాసిన చిన్న అట్ట, పైగా ఆయన నన్ను సార్ అని పిలిచాడు. తెలుగు మీడియం పదో తరగతివాణ్ణి, అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ అర్థం ఎక్కడ తెలుస్తుంది? ఇది మావాళ్ళకు చూపించి రేపు తెస్తాను అనే మాట నోటిదాకా వచ్చింది. అలా అంటే వీడికి చదవడం రాదనుకుంటారని సిగ్గేసింది. జేబులోంచి పెన్ను తీసి, చదివినట్టే రెండో పేజీ కూడా తిప్పి, సంతకం పెట్టేశాను. నా సిగ్గు మండిపోను, ఆ ఒక్క నిమిషం ఎన్నిసార్లు గుర్తుకొచ్చిందో లెక్కలేదు.

ఆ కాగితం నకలును ఆ సాయంత్రం టైంకీపరు భాయ్ చదివి చెప్పాడు. నిజామాబాదు మనిషి, ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. మీటింగుల్లో మా మాటలు హిందీలోకి మార్చి చెప్పేది కూడా ఆయనే. ఆ రోజు మాత్రం సెలవులో ఉన్నాడు, నాకొచ్చిన కాస్త హిందీతోనే నెట్టుకొచ్చాను.

"అన్నా, ఇండ్ల మూడు నెలలని ఏడ లేదు. కిచెన్ బంద్, కార్మికులందరు ఖుషీగ ఒప్పుకున్నరు అని ఉన్నది. నువ్వు దస్కత్ గూడ చేస్తివి, ఇగ క్యా కరే?"

రెండు రోజుల్లో వంటింటికి తాళం పడింది. బావ నన్ను తిట్టలేదు. మమ్ములను ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది రా అని మాత్రం అన్నాడు. మూడు నెలలే బావా అని చెప్పాను, ఆయన నమ్మాడు, నిజం చెప్పాలంటే కాగితంలో లేదని విన్నాక కూడా నేనూ నమ్మాను. క్యాటరింగ్ అన్నం గట్టిగా, పప్పు నీళ్ళగా, కూర నిండా మసాలా. బావ ఖుబూస్ రొట్టె టీలో ముంచుకుని తిని పడుకునేవాడు. రెండు నెలలకే చొక్కా ఆయన ఒంటిమీద వేలాడసాగింది. అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి ఉంది: డ్యూటీ నుంచి వచ్చాక ఆయనకు చేయడానికి ఏమీ ఉండేది కాదు, మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. నేను మీటింగు మీటింగుకూ అడిగాను. ఆఫీసరు చూద్దాం అనేవాడు, క్యాంపు బాసు అయితే చెయ్యి విదిలించి కిచెన్ మాఫీ, యల్లా, అంటే కిచెన్ లేదు, నడువు, అని బయటికి దారి చూపేవాడు. మూడు నెలలు పోయి ఏడు నెలలయ్యాయి.

అప్పుడు నా మీద దరఖాస్తు పడింది. బ్లాకులో సగంమంది కోరితే మనిషిని మార్చి మళ్ళీ ఓట్లు పెట్టొచ్చని కమిటీ నియమాల్లో ఉంది. ఆ సంగతి కూడా మావాళ్ళకు ఎన్నికైన కొత్తలో నేనే వివరించాను. ఆఫీసరు నన్ను పిలిచి ఆ కాగితం బల్ల మీద పరిచాడు. డ్రాయింగు కాగితం, గుండ్రటి గీత, దాని లోపలా బయటా సంతకాలు. చూస్తుండగానే నా కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. గీత ఒకవైపు లోపలికి నొక్కుకుని ఉంది. అది బావ పళ్ళెం అంచు. దీని వెనక ఎవరున్నారని ఆఫీసరు అడిగితే నాకు తెలియదన్నాను. మళ్ళీ మళ్ళీ అడిగినా అదే చెప్పాను. ఈ కథలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

శుక్రవారం నమాజు అయ్యాక అందరినీ హాల్లో కూర్చోబెట్టారు. నియమం ప్రకారం దరఖాస్తుకు ఒక మనిషి ముందు నిలబడి ఇది నేను పెట్టాను అనాలట. ఎవరు పెట్టారు, మొదటి సంతకం ఎవరిది, లేవండి అన్నాడు ఆఫీసరు. భాయ్ హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు. హాల్లో ఒక్కరు కదిలితే ఒట్టు. బావ మూడో వరసలో తన కాలివేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. ముందు నిలబడే మనిషి లేడు కాబట్టి ఈ దరఖాస్తు చెల్లదు, కొట్టేస్తున్నాం, మీ ప్రతినిధి ఈయనే అని చెప్పి ఆఫీసరు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నాడు. వాళ్ళను కాపాడాలని నేను నేర్పిన ఉపాయమే చివరికి వాళ్ళ నోరు నొక్కింది.

ఆ రెండు మాటలు ఎలా ఉండాలో ఇవాళ నాకు బాగా తెలుసు. తప్పు నాదే, నేను దిగిపోతున్నాను, మళ్ళీ ఓటెయ్యండి అనాలి. అప్పుడు కూడా తెలుసు. కానీ దిగిపోతే వంటింటి గురించి అడిగేవాడెవడు అని ఒక సాకు, ఆ కుర్చీ మీద తీరని ఆశ ఒకటి, రెండూ కలిసి ఆ మాటను గొంతు దాటనివ్వలేదు. ఎదురుగా అందరి ముఖాల్లో భయం కనిపిస్తోంది, ఇక తమను ఏంచేస్తారో అన్నట్టు బావ ముఖం పాలిపోయి ఉంది. ముందు ఆ భయం తీర్చాలనుకున్నాను, దేవుడి మీద ఒట్టు, అదే అనుకున్నాను.

"ఆ తల్లె ఎవలదో నాకెర్కనే. అయిన నేను ఎవ్వలకు చెప్పలే, చెప్ప గూడ చెప్ప. మీరెవ్వలు భయపడకుండ్రి."

హిందీలోకి మార్చాల్సిన భాయ్ సగంలో ఆగిపోయి, నావైపు ఒకసారి చూసి, అందరూ కలిసి పనిచేద్దాం అంటున్నాడు సార్ అని వేరే ఏదో చెప్పాడు. అప్పటికి గానీ నేనేమన్నానో నాకు తెలిసిరాలేదు. నేను ఓదార్పు అనుకున్నది వాళ్ళకు బెదిరింపుగా వినపడింది: వీడికి పేరు తెలుసు, ఇవాళ చెప్పలేదు, రేపు చెబుతాడు. ముందు వరసలోవాళ్ళు తలలు దించుకున్నారు. బావ ఒక్కడే తలెత్తి నన్ను చూశాడు, ఫోర్‌మన్ అరిచినప్పుడు ఆయన ఎలా చూసేవాడో అచ్చం అలాగే చూశాడు.

ఆ వారంలోనే ఆయన అడిగి మరీ దూరాన మెసయీద్‌లో ఉన్న సైటుకు మార్పించుకున్నాడు, అక్కడ కంపెనీ రూముల్లో మళ్ళీ క్యాటరింగే అని తెలిసి కూడా. బస్సు దగ్గరికి పరుగెత్తి, నేనన్నది అది కాదు బావా, నీ మీద ఈగ వాలనిస్తనా అని చేతులు పట్టుకున్నాను. ఏరా బామ్మర్దీ అని తప్ప పిలిచి ఎరగని మనిషి, మీరు పెద్దోళ్ళు సార్, మాకేం తెల్వదు అని చేతులు విడిపించుకుని ఎక్కేశాడు. ఇదేం కర్మరా నాకు అని అక్కడే బస్సుల షెడ్డులో కూలబడి ఏడ్చాను. నెల తర్వాత అక్క ఫోన్ చేసింది. ఆయనను ఏమన్నవు తమ్మీ, ఏమడిగినా నోరిప్పుతలేడు అంది. ఏమీ అనలేదక్కా అన్నాను.

నా గడువు ముగిసింది, మళ్ళీ ఎన్నికలన్నారు. నిలబడదలచినవాళ్ళు పేరు రాయాలని హాల్లో కాగితం అంటించారు. వారం రోజులు పోతూ వస్తూ దాన్నే చూశాను, ఎవరైనా నిలబడండి, నన్ను ఓడించండి, కనీసం తిట్టండి అని మనసులో మొక్కుకుంటూ. ఒక్క పేరు పడలేదు. నేను కూడా రాయలేదు, ఆఫీసువాళ్ళే పాత పేరు ఉంచేసి ఏకగ్రీవం అన్నారు. మన ఊళ్ళలో ఏకగ్రీవమంటే దండలు, గులాలు, డప్పులు. ఇక్కడ ఆఫీసరు చెయ్యి కలిపి ఫోటో తీయించాడు, నేను పళ్ళికిలించాను.

ఇప్పుడు లుసైల్ వైపు పోతే మా చేతుల మీద లేచిన గోడలను నేనే గుర్తుపట్టలేను. మ్యాచులు అయిపోయాయి, క్యాంపు ఖాళీ చేశారు, బావ ఊరికి వెళ్ళిపోయి మక్కచేను చూసుకుంటున్నాడు. సెలవులో నేను పోతే కుర్చీ వేయించి, కూసోండ్రి అని, అక్కను చాయ్ పెట్టమని చెప్పి తాను చేనుకు బయల్దేరుతాడు. నన్ను దింపాలని సంతకాలు పెట్టిన రోజున మావాళ్ళకు కోపం ఉండేది, నన్ను మారిస్తే ఇంకొకడైనా ఏదో చేస్తాడన్న ఆశ ఉండేది. ఏకగ్రీవం అయ్యాక ఆ కోపం కూడా లేకుండా పోయింది. బస్సులో ఏసీ పనిచేయక చెమటలో తడిసి దిగేవారు, జ్వరాలతో డ్యూటీకి పోయేవారు, హాల్లో ఎదురుపడితే నమస్తే సార్ అని పక్కకు తప్పుకునేవారు. మరో రెండేళ్ళు నేను ఆ బల్ల దగ్గర కూర్చున్నాను, మావాళ్ళు ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు.