చిలకపచ్చ లైనక్స్

ఆమదాలవలస స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒకాయన పాత లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అందులో విండోస్ పాడైపోయిందట. ఇంకేముంది, నేను అందుకున్నాను. విండోస్‌కి బదులు లైనక్స్ వేసిన నా కంప్యూటరు పదేళ్ళుగా ఆగలేదనీ, తుపానుకి ఊరంతా కరెంటు పోయినా అది మాత్రం కునుకు తీయలేదనీ చెప్పాను. ఆయన నవ్వలేదు, కాదనలేదు.

"అయితే నాకూ ఏసీయండి మాస్టారూ" అన్నాడు.

నా పెన్‌డ్రైవ్‌లో రెండు రకాల లైనక్స్ ఉన్నాయి. రెండూ నడిపి చూపించాను. నీలం తెరది చురుగ్గా కదిలింది. చిలకపచ్చ తెరది ఆ పాత లాప్‌టాప్ మీద ఈడ్చుకుంటూ నడిచింది.

"ఆ పచ్చదే ఎక్కించండి."

"ఏటి బాబూ, అది తెరుసుకునేలోగా మీ రైలు విశాఖపట్నం ఎల్లిపోద్ది!"

"ఎల్లనీండి. మా పడవకి ఇదే రంగు ఏసీవోలం."

"ఇప్పుడెయ్యట్లేదేటి?"

"పడవొక్కటే ఒడ్డుకొచ్చినాది. మా తమ్ముడు రానేదు" అన్నాడు, రైలు వేళ చెప్పినట్టు. "అమ్మీసినాం. కొన్నోడు నీలం ఏసీసినాడు."

పచ్చదే ఎక్కించాను. అరగంట పట్టింది. అయ్యాక కూడా ఆయన అందులో ఏదీ తెరవలేదు. రైలు వస్తే, మూత వెయ్యకుండా, ఆ ఖాళీ తెరని రెండు చేతులతో పట్టుకునే ఎక్కాడు.

ఇప్పుడెవరైనా ఏ లైనక్స్ మంచిదని అడిగితే, ముందు మీకే రంగు ఇష్టమని అడుగుతాను. అదీ నా కోతల్లో ఒకటనుకుని నవ్వుతారు. నేనూ నవ్వనిస్తాను.