కప్పగల్లులో ఎవరూ ఎరగని మనిషి

అరవై అయిదులో యుద్ధం మొదలైన వారంలో మా వీధి రక్షణ సమితి నాకు అప్పగించిన పని చిన్నదే. ఇంటింటికీ వెళ్లి అక్కడ ఉంటున్నవారి పేరు, వృత్తి, ఊరు రాసుకురావాలి. పరాయివారెవరో తెలియనిదే బళ్ళారిని కాపాడలేమని సమితి అధ్యక్షుడు అన్నారు. ఆయన ఉద్యోగ విరమణ చేసిన తహశీల్దారు.

ఆ మాట అంతకుముందు నేనూ అన్నదే. ఐరోపా దేశాలు సరిహద్దు దాటి వచ్చే నిరాశ్రయులను ఎలా స్వీకరించాలన్న విషయం మీద మా కళాశాలలో చర్చాపోటీ జరిగింది. ఆశ్రయం ఇవ్వవలసిందే, కాని ముందు ప్రతి మనిషీ పట్టికలోకి ఎక్కాలి, పట్టికకు అబద్ధం చెప్పినవాడు ఆశ్రయానికి తగడు అని వాదించాను. బహుమతి నాకే వచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఆ తహశీల్దారు ఒకరు.

మా వీధి చివర ఒక దర్జీ ఉండేవాడు. బర్మా నుంచి మనవాళ్లను పంపించివేస్తున్న రోజుల్లో, ఆ దేశపు మనిషే అయిన భార్యతో వచ్చి, ఇక్కడ కుట్టుమిషను పెట్టుకున్నాడు. దీపాల వెలుగు బయటికి పొక్కకూడదన్న ఆజ్ఞ రాగానే వీధిలో కిటికీలన్నిటికీ నల్లగుడ్డ తెరలు కుట్టిచ్చింది అతనే. నేను కాగితంతో వెళ్లినప్పుడు కూడా నల్లగుడ్డే కత్తిరిస్తున్నాడు.

"ఊరేదన్నా?"

"కప్పగల్లు. రాసుకోప్పా."

రాసుకున్నాను. మా వైపు ఊరేదంటే తాత ఊరే చెబుతారు. నేను పుట్టింది బళ్ళారిలోనే అయినా నన్నడిగితే సిరిగేరి అంటాను. అక్కడికి నేను రెండుసార్లే వెళ్లాను. కనుక అతని జవాబు నాకు వింతగా తోచలేదు. పుట్టింది ఎక్కడని అడగలేదు, కాగితంలో ఆ గడి లేదు. విన్నది విన్నట్టు రాయడమే నిజాయితీ అని నమ్మేవాణ్ణి.

నాలుగు రోజులకు ఒక పోలీసు ఆ పట్టిక పట్టుకుని కప్పగల్లు వెళ్లాడు. అలాంటి మనిషిని ఎరగమని ఊరివాళ్లు చెప్పారు. వాళ్లూ అబద్ధమాడలేదు. దర్జీ తాత ఎప్పుడో కంటోన్మెంటు పటాలం వెంట వంటవాడిగా సముద్రం దాటి బర్మా పోయాడు. అతని పేరు గుర్తున్నవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మర్నాడు పొద్దున దర్జీని మిషను ముందునుంచి లేపి ఠాణాకు తీసుకుపోయారు. అతని భార్య మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమెకు తెలుగు కొద్దిగానే వచ్చు. "నీ కాగితం తప్పు" అన్నది, అంతే.

నేను తహశీల్దారు ఇంటికి పరుగెత్తాను.

"తప్పు నాది సార్. ఆయన చెప్పింది తాత ఊరు. మీరైనా అట్లే చెప్తారు గదా."

"నేను రాయదుర్గం అంటే, రాయదుర్గంలో నన్నెరిగినోళ్లు ఉండారప్పా. వానికెవరుండారు?"

"ఆయన అబద్ధం చెప్పలేదు సార్."

"పోటీలో ఒక పక్షం, ఈడ ఇంగో పక్షమా? సరే, నిజమే రాసుకొని రా. యాడ పుట్టినాడో అది రాయి."

ఠాణాలో అతని పక్కన కూర్చుని రాశాను. పుట్టిన చోటు: రంగూన్. కప్పగల్లును ఎర్రసిరాతో కొట్టేశారు. నేను చూస్తుండగానే ఆ కాగితం ఒక కట్టలోంచి తీసి, పరదేశీయులదని రాసి ఉన్న మరో కట్టలో పెట్టారు. అబద్ధమన్న నింద తొలగింది. నిజం దానికంటే బరువైనదని అప్పుడు తెలిసింది. ప్రతి సోమవారమూ భార్యతో వచ్చి సంతకం చేయాలన్నారు.

"ఆయ్తు, హోగప్పా" అని, పనైపోయింది ఇక పొమ్మని కన్నడంలో చెబుతూ పోలీసు తలుపు చూపించాడు.

మెట్లు దిగుతూ దర్జీ నన్ను కోపగించుకోలేదు. "ఆడ నువ్వు ఇండియావోడివి, పో అన్నారు" అన్నాడు. "ఈడోళ్లు యాడికి పొమ్మంటారప్పా?"

అట్లా ఏమీ అనరన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

రెండు సోమవారాలు ఇద్దరూ వచ్చి సంతకాలు చేశారు. మూడో సోమవారం రాలేదు. చూసి రమ్మని తహశీల్దారు నన్నే పంపారు. ఇంటికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే మిషను లేదు. అది ఉన్నచోట నేలమీద నాలుగు కాళ్ల గుర్తులు మాత్రం కనబడ్డాయి.

పక్కింటి ముసలమ్మ తలుపు సందులోంచి నన్ను చూసింది. చిన్నప్పటినుంచీ నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఆమె. ఆనాడు పిలవలేదు.

"యాడికి పోయినారవ్వా?"

"నాకేం తెలుసు? చెప్పిపోయేంత ధైర్యం యాడుండాది వాళ్లకి?" ఆమె చూపు నా చేతిలోని కాగితాల మీదే ఉంది. "మాది ఆలూరని రాసుకుంటివి గదా. రాష్ట్రాలు పంచినంక బళ్ళారి కన్నడోళ్లకి వచ్చె, ఆలూరు ఇప్పుడు ఆంధ్రాలో ఉండాది. మమ్మల్ని ఏ వారం రమ్మంటారు, సార్?"

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.