ఎటు చదివినా ఒకటే అయిన పడవ నంబరు

సముద్రం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. అబద్ధమైతే ఈ జన్మకిక నా పులుసులో చేప ముక్క పడకూడదు. మొన్న ద్వారకా నగర్‌లో మా మేనకోడలు, కొత్త స్కూటీకి 1331 నంబరు వచ్చిందనీ, కూడితే ఎనిమిదనీ, ఎనిమిది శనిదనీ మొహం వేలాడేసుకుని నిలబడితే, నాకు మా అత్త గుర్తొచ్చింది.

నేను డిగ్రీలో లెక్కలు చదువుతూ, లోకంలో లెక్కకు లొంగనిది లేదని నమ్మిన రోజులవి. వేట నిషేధం ముగిసే ముందు మావయ్య కొత్త పడవ కట్టించాడు. దానికొచ్చిన నంబరు 13455431. పడవలకు రంగులేసే ఆయన మాకు వరసకు బావ. పడవకు ముక్కే ముఖమనీ, ఏ పనైనా అక్కడే మొదలవ్వాలనీ ఆయన పట్టుదల. అందుకని రెండు పక్కలా నంబరు ముక్కు దగ్గర్నుంచే రాసుకొచ్చేవాడు, ఒక పక్క సరిగ్గా ఉంటే రెండో పక్క అంకెల వరస తిరగబడేది. ఆ ఏడు మిగతా పడవలవాళ్లంతా గీకించి మళ్లీ రాయించుకుంటే, మా పడవకు మాత్రం దిద్దడానికేమీ లేకపోయింది.

"సూసేవేటి బావా, నా సెయ్యంటే అదీ!" అని బావ నాకేసి చూసి మీసం దువ్వాడు.

కానీ అత్త అంకెలు కూడింది. ఇరవై ఆరు, మళ్లీ కూడితే ఎనిమిది. "ఈ పడవలో మీ మావని నాను పంపను అల్లుడా" అంటూ వెళ్లి లంగరు తాడు మీద కూర్చుంది.

"సేపలకి లెక్కలొచ్చేటే?" అన్నాడు మావయ్య. ఆమె కదల్లేదు.

నేను ఇసుకలో వేలితో భాగహారం చేసి చూపించాను. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యలో నడుమ ఒంటరి అంకె మిగలకుండా జతలు జతలుగా ఉంటే, అదెంత పెద్దదైనా సరే, పదకొండు దాన్ని శేషం లేకుండా భాగిస్తుంది. పైగా మాకొచ్చిన భాగఫలం 1223221 కూడా ఎటు చదివినా అదే.

"సేసం సున్నా అత్తా! అంటే సముద్రంలో ఏదీ మిగిలిపోదు. ఎల్లినోలు ఎల్లినట్టే తిరిగొచ్చేత్తారు" అన్నాను. అత్త ఫక్కున నవ్వి లేచింది. వెళ్లిన పడవ కొన్నాళ్లకు తిరిగొచ్చింది; తెచ్చిన వంజరం చేప ఎంత పొడవంటే, హార్బరులో తల వేలం పాడుతుంటే తోక ఇంకా డాల్ఫిన్ నోస్ కొండ దాటలేదు.

ఇప్పుడు పడవ ఎక్కడుందో ఫోనులో చుక్కై కనిపిస్తుంది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒడ్డున నిలబడేవాళ్లు తగ్గిపోయారు. మంచిదే. 1331 అంటే మూడు పదకొండుల గుణకారమని చెప్పి మేనకోడలిని స్కూటీ ఎక్కించాను గానీ, ఇల్లు చేరానని మెసేజ్ వచ్చేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను.

ఒట్టేశాను గనుక చెప్పేస్తాను. వంజరం సంగతి మీకెలాగూ తెలుసు. నేను నిజంగా కల్పించింది అత్త నవ్వు. ఆమె నవ్వలేదు. "అంకె తిరిగొస్తాది, సరే. మనిసి?" అని అడిగి, తనే తాడు వదిలి లేచింది. కెరటమొచ్చి నా భాగహారాన్ని తుడిచేసింది; అత్త మాత్రం పడవ మళ్లీ కనబడేదాకా ఆ ఇసుకలోంచి కదల్లేదు.