చెప్పులు విడవమన్న ‘బోరు’ భాష

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇరవయ్యేళ్లుగా అనంతపురంలో కంప్యూటరు పాఠాలు చెబుతున్నాను. ఇన్నేళ్లలో నన్ను భయపెట్టినవి పిల్లల జవాబు పత్రాలు మాత్రమే.

నా స్నేహితుడు ఓబులేసు బోర్లు వేసే రిగ్గుల ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. తీరిక వేళల్లో సరదాకి ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. పేరు ‘బోరు’. పేరుకే బోరు, ఇంత ముచ్చటైన భాష నేను చూడలేదు. ప్రతి ప్రోగ్రామూ నమస్కారంతో మొదలవ్వాలి, లేకపోతే నడవదు. వరుసలకు అంకెల బదులు అడుగులు. వెనక్కి వెళ్లాలంటే దించిన రాడ్లన్నీ ఒక్కొక్కటే పైకి తీయాలి. దాచిన విలువ వాడినకొద్దీ తరిగిపోతుంది. తోడిన నీళ్లు తిరిగి రావు గదా! చివరికి అది చెప్పే మాటలు రెండే: ‘నీళ్లు పడినాయి’, లేదా ‘దుమ్మే’. నేను నేర్పిన భాషల్లో ఒక్కటి కూడా మా నేలను ఇంతగా ఎరిగింది కాదు.

పోయిన వేసవిలో గార్లదిన్నె దగ్గర మా అక్కవాళ్ల బోరు ఎండిపోయింది. తోటలో చీనీ, అదే బత్తాయి చెట్లు, ఆకు ముడిచాయి. నీళ్ల జాడ కోసం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే పెద్దాయన వచ్చి, కాయ లేచి నిలబడిన చోట గుర్తు పెట్టాడు. మరునాడు మధ్యాహ్నం రిగ్గు రావాలి. ఈసారీ దుమ్మే వస్తే తోట కొట్టేయడమేనంది అక్క.

రిగ్గు వచ్చే రోజు ఉదయం మనసు ఊరుకోక, అక్క పొలం పేరుతో ‘బోరు’లో చిన్న ప్రోగ్రాము రాసి నడిపాను. చదువుకున్నవాడి సోది అనుకోండి. తెర మీద ఒకే వరుస వచ్చింది: ‘చెప్పులు ఇడిసి రాప్పా.’

ఓబులేసు చిలిపితనమనుకుని ఫోన్ చేశాను. “నీ తోడు సామీ, నేను రాయలేదు” అన్నాడు. ఎందుకో ఉండబట్టక బావకు చేశాను.

“బావా, కాయ పట్టుకోని నడిచినాయన కాళ్లకు చెప్పులుండెనా?”

బావ గొంతు తగ్గించాడు.

“ముండ్లుండాయని నేనే ఏసుకోమంటినప్పా. ఉత్తకాళ్లతోనే నడవాల, తెలుసు. నీకెవురు చెప్పినారు?”

“కంప్యూటరు.”

“ఏమప్పా, నా తోట ఎండుతాంటే నీకు ఎగతాళా!”

తిట్టాడే గాని, పెద్దాయనను మళ్లీ పిలిపించాడు. ఉత్తకాళ్లతో నడిస్తే పాత గుర్తు మీద కాయ కదల్లేదు. ముప్పై అడుగుల అవతల లేచి నిలబడింది. రిగ్గును అక్కడికే తిప్పించాడు. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. నీళ్ల హోరు, దాని వెనక ఏడుపు.

పాత గుర్తులో వేసినా నీళ్లు పడేవేమో, తెలీదు. అక్కడ ఎవరూ వేయలేదు. నేనూ ఓబులేసూ ఆ భాష వెనకున్న కోడునంతా వరుస వరుసా చదివాం. ‘చెప్పులు’ అన్న మాట ఎక్కడా లేదు. అదే ప్రోగ్రామును ఎన్నిసార్లు నడిపినా ‘దుమ్మే’ అంటుంది, నీళ్లు పారుతున్న పొలానికి.

ఆ వరుసను భాషలో చేర్చుదామంటే ఓబులేసు ఒప్పుకోలేదు. “మనం రాయని మాట మనదెట్లయితాది?” అన్నాడు.

నాకిప్పటికీ అంతు చిక్కలేదు. ల్యాబు గుమ్మం బయట రోజూ విడిచే నా చెప్పులు చూసి, సారుకు శుభ్రం ఎక్కువైందనుకుంటున్నారు పిల్లలు. అనుకోనీ.