రాతికెక్కబోయిన పేరు

మా వీధిలో విన్నీ సగ్డెన్ ఒక్కచోట కుదురుగా కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. మొగుడు హెడ్లీ పోయాక మరీను. కడిగిన గడపే మళ్ళీ కడిగేది. పొయ్యి దగ్గరికొచ్చి, ఎందుకొచ్చిందో మరిచి పెరట్లోకి పోయేది. అందరూ దుఃఖం అనుకున్నారు. కాదు, ఒళ్ళంతా కోపం.

మా ఊరి వారపత్రికలో ‘మార్ట్‌మెయిన్’ పేరుతో వచ్చే హత్యల సీరియల్ రాసేది విన్నీయే. వకీలు ఆఫీసులో దస్తావేజులు టైపు చేస్తుంటే కంటబడ్డ పాత మాట అది. చర్చి చేతికి చిక్కి, ఇక అమ్మకానికీ రాక, వారసులకీ దక్కని భూమిని అలా అనేవారట. నచ్చి, కలంపేరుగా పెట్టుకుంది. కథల్లో ఫాదరీల టీలో విషం కలిపించేది ఓ ఆడదని తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని భయపడింది. “నేనే రాస్తున్నానని చెబుతాలే,” అన్నాడు హెడ్లీ. చెప్పాడు. పబ్బులో జనం మెచ్చుకుని బీరు పోయిస్తుంటే ఆ మాట అతనికే నిజమైపోయింది. నాది పక్క వాటా. అతను పబ్బులో ఉన్నప్పుడే టైపు మిషన్ టకటకలాడేది. నేనేం చెవిటిదాన్ని కాదు కదా.

మా యార్క్‌షైర్‌లో మనిషిని పరువుగా సాగనంపడమంటే వచ్చినవాళ్ళకి హామ్, అదే ఉప్పులో ఊరిన పంది మాంసం, పెట్టడమే. హెడ్లీని పూడ్చి వచ్చి అందరం ఆ హామ్ తింటుంటే, ఏడా బూత్‌రాయిడ్ లేచింది. ఊళ్ళో పెద్దరికమంతా ఆవిడదే. సమాధి రాయి మీద ‘మార్ట్‌మెయిన్’ అని చెక్కిద్దాం అంది.

“అవి రాసింది నేను,” అంది విన్నీ.

గదంతా జాలిగా చూసింది.

“పాపం, మతి చలించింది. ఆడది రాస్తే అంత పస ఉంటుందా తల్లీ! కాస్త టీ తాగు,” అంది ఏడా.

“నిజమే చెబుతోంది, రోజూ వింటున్నాను,” అన్నాను. నాకూ ఓ కప్పు టీ పోశారు.

ఒకసారి రాతికెక్కితే ఆ పేరు ఇక తనది కాదని విన్నీకి తెలుసు. రాళ్ళు చెక్కే క్లెమ్ సోమవారం ఉలి పట్టుకుంటానన్నాడు. ఆ రాత్రి గోడవతల మిషన్ ఆగలేదు.

శనివారం పత్రిక వచ్చింది. విన్నీ పంపినవి హెడ్లీ ముందే రాసి దాచిన భాగాలని నమ్మి సంపాదకుడు వేసేశాడు. ఆ వారం కథలో ఓ జమీందారు చావు విందు. ఊదారంగు టోపీ ఆవిడొకతె హామ్ ముక్కలు రుమాల్లో చుట్టి సంచీలోకి తోస్తూ, “మా పిల్లి నీరసంగా ఉంది,” అని గొణుగుతుంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం మా ఏడా. రొట్టెల కొట్టు ముందు లైన్లో నిలబడ్డ విన్నీ మీదికి, ఆ ఊదా టోపీతోనే దూసుకొచ్చింది.

“ఏమే! నన్ను పేపరుకెక్కిస్తావా? పిల్లి మాట ఆ రోజు నా పక్కనున్న నీకు తప్ప ఇంకెవరికీ వినపడలేదు! నువ్వే రాశావు!”

లైనంతా నోరు తెరిచింది. “అప్పటికే హెడ్లీని పూడ్చేశాం కదా,” అని ఎవరో మెల్లగా అన్నారు. వెనకాల క్లెమ్ తింటున్న రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

విన్నీ మాత్రం కదలకుండా నిలబడింది.

“ఇంకోసారి చెప్పు ఏడా,” అంది. “క్లెమ్‌కి సరిగ్గా వినపడలేదేమో.”