స్టెల్లా గొంతు కోసం ఒక సర్క్యూట్

చల్లపల్లిలో పుట్టిన జ్ఞానప్రసూనాంబ విజయవాడలో ఓ ఆడపిల్లల కాలేజీలో ముప్పై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయింది. ఇప్పుడు గవర్నర్‌పేటలో ఒక పాత మేడమీద వాటాలో ఉంటోంది. వంటింటి గట్టుమీద పోపులపెట్టె పక్కనే సోల్డరింగ్ ఐరన్ పెట్టుకునే మనిషి.

ఆ అలవాటు స్టెల్లా చేసింది. అదే కాలేజీలో ల్యాబ్ చూసేది స్టెల్లా. చేరిన కొత్తలో ప్రసూనాంబకు సర్క్యూట్లు బోర్డు మీద గీయడమే తప్ప చేత్తో ఒక్కటీ చేయడం రాదు. “బొమ్మ మాట్లాడదు ప్రసూనా, ఇలా రా” అని స్టెల్లాయే దగ్గర కూర్చోబెట్టుకుని లెడ్డు పెట్టి అతకడం నేర్పింది.

సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఇద్దరూ ల్యాబులోనే ఉండిపోయేవాళ్లు. కరిగిన లెడ్డు వాసన, ఫ్లాస్కులో చల్లారిపోయిన టీ. వారం రోజులు కుస్తీపట్టి రెండు ట్రాన్సిస్టర్లతో ఒక ఆంప్లిఫయర్ చేశారు. మైకు కిటికీలో పెట్టి స్విచ్ వేస్తే, కింద బస్సు కోసం నిలబడ్డ అమ్మాయిల మాటలు స్పీకర్లో గరగరమంటూ వినిపించాయి. ఎవతో ప్రసూనాంబను అనుకరిస్తోంది: “అర్థమైందా అమ్మా? అర్థమైందా?” స్టెల్లా బల్లమీద పడి నవ్వింది. ప్రసూనాంబ కోపం తెచ్చుకోబోయి, తనూ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు పాఠాలకన్నా ముందు ఆ నవ్వే గుర్తొస్తుంది.

స్టెల్లాది అప్పట్లో గ్రౌండు అవతలికి వినిపించే గొంతు. నరాల జబ్బు వచ్చి రెండేళ్లలో అది గుసగుసకు దిగిపోయింది. ఫోన్లో ఊపిరి తప్ప మాట వినపడదు.

మొన్న వేసవిలో ఒకరోజు ఆటోనగర్ వైపునుంచి సిటీబస్సులో వస్తానన్న స్టెల్లా గంట ఆలస్యంగా, చెమటలు కక్కుతూ వచ్చింది. ‘హోల్డాన్’ అని ఎంత చెప్పినా కండక్టర్‌కు వినపడలేదట. రెండు స్టాపులు దాటాక దిగి, నడిచి వచ్చింది.

“ఇకమీదట నేనే వస్తాలేవే” అంది ప్రసూనాంబ.

స్టెల్లా ఆమె చెవి దగ్గరికి వంగి, “ఊరుకో. నేనొస్తా” అంది.

ఆ సాయంత్రమే ప్రసూనాంబ పాత ప్రశ్నపత్రాల వెనక, గొంతు పెద్దగా వినిపించే సర్క్యూట్ గీయడం మొదలుపెట్టింది. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో అతను, “రెడీమేడ్‌వి దొరుకుతున్నాయి కదా మేడమ్” అన్నాడు.

“దొరుకుతాయయ్యా. ఇది నేనే చెయ్యాలి.”

శనగగింజంత మైకు, ఎనిమిది కాళ్ల ఐసీ చిప్పు, చిన్న స్పీకరు. అన్నీ అతికాక, స్టెల్లా వచ్చిన రోజున స్విచ్ వేయగానే అది చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. స్టెల్లా నవ్వుతూ, మైకు మొహం స్పీకర్ వైపే ఉందని వేలితో చూపించింది. మైకు జాకెట్టు మెడకు మార్చారు, స్పీకరు నడుము దగ్గర సంచిలో బయటికి తిప్పారు. కూత ఆగింది గానీ మాటకన్నా ఫ్యాను హోరే ఎక్కువ. ఆ బొంగురు చప్పుళ్లు లోపలికి రాకుండా ప్రసూనాంబ మైకు దగ్గరి కెపాసిటర్ తీసేసి, దానికన్నా బాగా చిన్న విలువది వేసింది. హోరు తగ్గింది. మాట తేటపడింది. కానీ సన్నగా, రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంది.

ప్రసూనాంబ మొహం వాడిపోయింది. “ఇది నీ గొంతు కాదే.”

“నాదే” అంది స్పీకరు. “ఇప్పటిది.”

మర్నాడు ఇద్దరూ కలిసి బస్సెక్కారు. స్టాపు దగ్గరపడుతుండగా స్టెల్లా స్విచ్ నొక్కింది. “హోల్డాన్!” బస్సు ఠక్కున ఆగింది.

“ఎవరండీ ఆ మైకు?” అన్నాడు కండక్టర్.

దిగాక స్టెల్లా స్విచ్ కట్టేయలేదు. రెండేళ్లుగా దాచుకున్న మాటలన్నీ రోడ్డంతా చెబుతూనే నడిచింది. మనుషులు తిరిగి చూస్తున్నారు. ప్రసూనాంబ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఇల్లు చేరి కాఫీ కలిపేలోగా బ్యాటరీ అయిపోయింది. ప్రసూనాంబ స్టవ్ తగ్గించి, కొత్తది వేసి, “ఊఁ, చెప్పు” అంది.