మా ఇంటి సింగపూర్ సుందరి

అప్పట్లో మా కాశీబుగ్గలో ఒక ఇంటి గొప్పతనం ఆ ఇంటి హాల్లో ఏముందన్న దాన్నిబట్టి తేలేది. ఫోనున్న ఇల్లు, ఫ్రిజ్‌ని హాల్లోనే నిలబెట్టుకున్న ఇల్లు, అలా. మా నాన్న టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. రోజూ బస్సులో వెళ్ళి బస్సులో రావడం తప్ప మా ఇంటికంటూ ఏ విశేషమూ లేదని ఆయనకి లోపల బెంగగా ఉండేదనుకుంటాను. ఒకసారి పని మీద విశాఖపట్నం వెళ్ళిన మనిషి, తిరుగు రైల్లో ఒళ్ళో అద్దాల తొట్టి, రెండు చేతుల్లో నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచులతో కూర్చుని వచ్చి, మా ఊరికి దగ్గరి పలాస స్టేషన్లో దిగారు. (దారి పొడుగునా పక్కవాళ్ళని మోచెయ్యి కదపనివ్వలేదట.) గప్పీలు, ఎర్రగీత నీలంగీతల బుల్లి టెట్రాలు, విసనకర్రల్లాంటి ఏంజిల్ చేపలు రెండు. "అన్ని జాతులూ ఒకే చోట కలిసి బతుకుతాయి, సూడండి. అదీ దీని గొప్ప," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. పాలవాడికి కూడా చెప్పారు. పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని తొట్టి ముందు కూర్చుని, ఆఫీసులో హాజరు తీసినట్టు ఒక్కొక్క చేపనీ లెక్కపెట్టి గాని కాఫీ ముట్టేవారు కారు.

నేనప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం చదివే ఆడపిల్లని. ఆ వానాకాలం అక్కుపల్లి దగ్గర అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు, వరి మడి పక్క కాలవలో ఎర్రెర్రని చేపపిల్లలు గుంపుగా తిరుగుతూ కనిపించాయి. అంత అందమైన ఎరుపు నేనెక్కడా చూడలేదు. స్టీలు గ్లాసుతో ఒకదాన్ని ముంచి, మంచినీళ్ళ సీసాలో వేసి, బస్సులో ఇంటికి తెచ్చేశాను. అయితే కాలవలో పట్టినదంటే నాన్న తన విశాఖపట్నం చేపల పక్కన చేరనిస్తారా? అందుకని, బరంపురం నుంచి కాలేజీకి వచ్చే నా స్నేహితురాలు ఇచ్చిందని, దీని పేరు సింగపూర్ సుందరి అని చెప్పాను. పేరు ఆ క్షణంలో నోటికెలా వచ్చిందో నాకే తెలీదు. నాన్న మాత్రం రెండు మూడుసార్లు పలికి చూసుకుని, "బరంపురంలో దొరుకుతాయేటి ఇవి!" అని మురిసిపోయారు.

సుందరి బాగా పెరిగింది. నెల తిరిగేసరికి ఎరుపంతా పోయి, నల్లగా, సన్నగా, వేలెడంత అయింది. రంగు మారడం ఆ జాతి లక్షణమని నేనే వివరించాను. రెండు నెలలకి జానెడైంది. పగలంతా ప్లాస్టిక్ మొక్క వెనక చాలా బుద్ధిగా ఉండేది. "మిగతావి అల్లరి మూక. దీన్ని సూసి నేర్చుకోవాల," అనేవారు నాన్న. సరిగ్గా ఆ రోజుల్లోనే హాజరులో తేడా రావడం మొదలైంది. ఒకనాడు గప్పీ లేదు. మూడోనాడు రెండు టెట్రాలు లేవు. చచ్చి తేలలేదు, కింద పడలేదు. అమ్మ చీపురుతో మంచాల కిందంతా వెతికింది. పిల్లి పనేమోనని నాన్న కిటికీలకి వల కొట్టించారు. అయినా చేపలు తగ్గుతూనే ఉన్నాయి.

సంగతి నాకొక మధ్యాహ్నం తెలిసిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. నేను తొట్టి ముందు కూర్చుని జంతికలు తింటుంటే, సుందరి మొక్క వెనకనుంచి తాపీగా బయటికొచ్చి, ఎదురుగా ఉన్న టెట్రాని గుటుక్కున మింగి, నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ మొక్క వెనక్కి వెళ్ళిపోయింది. నా నోట్లో జంతిక నోట్లోనే ఉండిపోయింది. టీ వడకట్టే జల్లెడతో దాన్ని పట్టబోతే మొహం నిండా నీళ్ళు కొట్టింది. ఇంతలో అమ్మ వచ్చేసింది. జల్లెడని వీపు వెనక దాచుకుని, "తొట్టి కడుగుతున్నా," అన్నాను. ఆ తర్వాత చెబుదామనే అనుకున్నాను. చెప్పాలంటే కాలవ, సీసా, బరంపురం, సింగపూర్, అన్నీ వరసగా చెప్పాలి కదా!

అదే వారం మా అమ్మ తమ్ముడు, మావయ్య, పన్ను నొప్పితో ఊరినుంచి దిగాడు. డాక్టరు నాలుగు దఫాలుగా రమ్మన్నాడని మా ఇంట్లోనే ఉండిపోయాడు. కొబ్బరితోటలు చూసుకునే మనిషికి పట్నంలో పొద్దుపోదు. సాయంత్రం అయ్యేసరికి గాలం పట్టుకుని ఊరి చివర చెరువుకి పోయేవాడు. నాన్న అనుమానం ఆ గాలం మీద పడింది. గాలానికి ఎర కావాలి. ఎరకి చిన్న చేపలు కావాలి. చిన్న చేపలు మా హాల్లో ఉన్నాయి. ఆఫీసు ఫైల్లోలాగా అన్నీ ఒకదాని కింద ఒకటి కుదిరిపోయాయి.

ఆ ఆదివారం నాన్న పైఅధికారి ఏదో పెళ్ళికి కాశీబుగ్గ వస్తూ, మా అక్వేరియం చూస్తానన్నారు. పొద్దున్న లెక్కలో ఏంజిల్ ఒకటి, గప్పీ ఒకటి, సుందరి మాత్రమే మిగిలాయి. నాన్న ఆగలేక మావయ్య మీద విరుచుకుపడ్డారు.

"నువ్వొచ్చిన కాడినుంచీ ఇంకా జోరుగా పోతన్నాయి. ఎరకి వానపాములు దొరకలేదేటి నీకు?"

అమ్మ వంటింటి గుమ్మంలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య వాచిన దవడ పట్టుకుని లేచాడు. "అంత మాటన్నావేటి బావా," అని, చొక్కా తొడుక్కుని సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ పొయ్యి ఆర్పేసింది.

నేను సైకిలేసుకుని మూడు రోడ్ల కూడలి దాకా తొక్కాను. మావయ్య బస్సు కోసం నిలబడి ఉన్నాడు. రొప్పుతూ, ఏడుస్తూ, కాలవ దగ్గర్నుంచి సింగపూర్ దాకా అంతా చెప్పేశాను. ఆయన నవ్వబోయి, పన్ను సలిపి, దవడ పట్టుకున్నాడు.

"వచ్చిన రోజే పోల్చీసినానే గుంటా. కొర్రమీను మొహం నాకు తెల్దేటి?"

"మరి చెప్పలేదేం?"

"సెప్తే నీ యీపు విమానం మోతెత్తిపోద్ది గదా. అదీ గాక," అని గొంతు తగ్గించి, "ఇంకో రెండు వేళ్ళ పొడుగు పెరిగితే పులుసుకి సరిపోద్దని సూత్తన్నాను," అన్నాడు. ఆయన్ని వెనకసీటు మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాను.

మేం వెళ్ళేసరికి అధికారిగారు కుర్చీలో ఉన్నారు. నాన్న చెమటలు తుడుచుకుంటూ, "ఇది సింగపూర్ సుందరి అండీ, చాలా అరుదు," అంటున్నారు. సుందరికి ఆ పొగడ్త నచ్చినట్టుంది. మొక్క వెనకనుంచి వచ్చి, అందరూ చూస్తుండగా చివరి గప్పీని పట్టుకుంది. తోక మాత్రం కాసేపు మీసంలా బయటే ఆడింది. అధికారిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏమయ్యా, కొర్రమీనుని అద్దాల్లో పెట్టి పెంచుతున్నావేటి? దీన్ని మా ఊళ్ళో మిరియాల కారంతో వండుతారు."

నాన్న మెల్లగా నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోగా మావయ్య ముందుకొచ్చి, "నానే ఇచ్చినాను బావా గుంటకి, రంగు సేప అని సెప్పి. తప్పైపోనాది," అన్నాడు. నేను తెరిచిన నోరు మూసేశాను. (పద్దెనిమిదేళ్ళ వయసులో నేను చూపించిన ధైర్యం అంతే.) మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న, మావయ్య నమల్లేడని అన్నం మెత్తగా పిసికి, పప్పు తనే వడ్డించారు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

సుందరిని చంపడానికి నాన్నకి చేతులు రాలేదు. వాళ్ళ ఊరి చెరువులో వదలమని బకెట్లో వేసి మావయ్యకి అప్పగించారు. పదిరోజుల తర్వాత మావయ్య వస్తే, "బాగుందా అది?" అని ఆత్రంగా అడిగారు. "సానా బాగుంది బావా," అన్నాడు మావయ్య, మీసం తుడుచుకుంటూ.

ఇన్నేళ్ళ తర్వాత మొన్నీమధ్య, నాన్న ఒక్కరే ఉన్నప్పుడు, ధైర్యం చేసి ఆ చేపని తెచ్చింది నేనేనని ఒప్పుకున్నాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు.

"ఆ రోజే తెలుసు. నీ మొగం సూస్తే తెల్దేటి?"

"మరి అడగలేదేం నాన్నా?"

"నువ్వే సెప్తావని సూత్తన్నాను," అని పేజీ తిప్పారు. "కాస్త ఆలస్యమైంది, అంతే."

తల్లో తెల్లవెంట్రుకలు వచ్చిన నేను, ఆ కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడిపోయాను.